గర్భిణి మందు మాన్పించే ముందు

"ఆచార్యులుగారూ, మా కోడలికి నెల తప్పింది. ఇక ఆ ఇంగ్లీషు మాత్రలు మాన్పించేసి మీ మందు ఏదైనా ఇవ్వండి."

చిక్కడపల్లిలోని నా వైద్యశాలలో ఈ మాట ఎన్ని మార్లు విన్నానో లెక్క చెప్పలేను. చెప్పేవారు సాధారణంగా అత్తగారు, ఒక్కొక్కప్పుడు కన్నతల్లి. పక్కన కూర్చున్న అమ్మాయి మాట్లాడదు. ఆమె చేతిసంచిలో మాత్రల అట్ట ఉంటుంది. ఆ పెద్దల మాటలో చెడ్డ తలంపు లేదు. కడుపులోని శిశువుకు తీక్ష్ణమైన ఔషధం తగలరాదన్న జాగ్రత్త మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది. తలనొప్పి వచ్చినా, జలుబు చేసినా గర్భిణిని మాత్ర మింగకుండా ఓర్చుకోమనడం మంచి అలవాటే. అయితే ఆ అమ్మాయికి ఉన్న వ్యాధి ల్యూపస్ అయినప్పుడు, కీళ్లవాతం అయినప్పుడు, అదే జాగ్రత్త తల్లికీ బిడ్డకూ ముప్పు తెచ్చిపెట్టగలదు. ఈ మాట అల్లోపతి వైద్యులు చెబితే "వారి మందు కనుక వారు అలాగే చెబుతారు" అని కొట్టివేయవచ్చును. గురువు ఇంట ఉండి సంహితలు కంఠస్థం చేసి, నలభై ఏళ్లుగా ఆయుర్వేదమే వృత్తిగా బ్రతుకుతున్నవాడిని కనుక నేను చెప్పడమే ఉచితమని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మన శరీరాన్ని బయటి శత్రువుల నుండి కాపాడవలసిన రక్షణశక్తి దారి తప్పి, తన ఇంటినే పరుల ఇల్లనుకొని దాడి చేయడమే ఈ జాతి వ్యాధుల స్వభావం. ఆటోఇమ్యూన్ వ్యాధులని వైద్యులు అనేవి ఇవే. ఆ దాడి కీళ్లపై జరిగితే కీళ్లవాతం, గళగ్రంథిపై జరిగితే ఒక రకం థైరాయిడ్ లోపం, చర్మం, కీళ్లు, మూత్రపిండాలు, రక్తకణాలు అన్నింటిపైనా జరిగితే ల్యూపస్. ల్యూపస్ వచ్చినవారిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే. అదీ ముఖ్యంగా పిల్లలను కనే వయస్సులో వచ్చే వ్యాధి. కనుక ఈ వ్యాధి గురించి మాట్లాడుతూ గర్భం మాట ఎత్తకుండా ఉండడం కుదరదు.

దీనికి మన శాస్త్రంలో పేరేమిటని చాలామంది అడుగుతారు. మాధవకరుడు తన నిదాన గ్రంథంలో ఆమవాతాన్ని విడిగా వర్ణించాడు. చరకుడు వాతరక్తానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. నేటి కీళ్లవాతపు లక్షణాలు వీటిలో చాలావరకు కనిపిస్తాయి. ల్యూపస్‌కు మాత్రం సరిగ్గా ఒదిగే పేరు ఏ ఒక్కటీ లేదు. ఏదో ఒక సంస్కృత నామాన్ని దానికి తగిలించి, పేరు దొరికినది కనుక మందు కూడా దొరికినదన్నట్లు ప్రవర్తించడం నాకు నచ్చని పని. ఒకప్పుడు నేనూ ఆ పనే చేశాను. అది చెప్పకుండా ఇతరులకు బుద్ధులు చెప్పడం న్యాయం కాదు.

2004 నాటి సంగతి. అశోక్‌నగర్‌లో ఉండే ఒక కుటుంబం వారు ఇరవై ఆరేళ్ల కోడలిని తీసుకువచ్చారు. మూడవ నెల. ముక్కుకు ఇరువైపులా బుగ్గలపై సీతాకోకచిలుక రెక్కల వంటి ఎర్రని మచ్చ, చాలావరకు మానిపోయి ఛాయగా మిగిలి ఉన్నది. రెండేళ్లుగా హైడ్రాక్సీక్లోరోక్విన్, కొద్ది మోతాదులో ప్రెడ్నిసొలోన్ వాడుతున్నది. అత్తగారు ఆ మొదటి మాత్ర పేరు ఎవరినో అడిగి తెలుసుకున్నారట. "ఇది మలేరియా మందుట కదండీ! దీనికి మలేరియా ఎక్కడుంది?" అన్నారు. నేను మానమని చెప్పలేదు. వాడమనీ చెప్పలేదు. నాడి చూసి, వాతరక్తమని నిర్ణయించి, పాలతో సేవించే ఒక మృదువైన కల్పం వ్రాసి ఇచ్చాను. ఆ రెండింటి గురించి నోరు విప్పలేదు. నా మౌనాన్ని వారు అంగీకారంగా తీసుకున్నారు. తీసుకోక ఏం చేస్తారు? వైద్యుని ఎదుట అడిగిన ప్రశ్నకు వైద్యుడు కాదనకపోతే అవునన్నట్లే.

ఆమె రెండు మందులూ ఒకేసారి మానివేసినది. స్టెరాయిడ్‌ను కొంతకాలం వాడిన తరువాత హఠాత్తుగా ఆపరాదని, క్రమంగా తగ్గించవలెనని అప్పటికే నాకు తెలుసును. ఐదవ నెలలో కాళ్లు వాచినవి. గర్భిణులకు పాదాలు వాచడం సహజమేనని పునర్నవ ఇచ్చాను. వారం గడిచినది, మరొక వారం గడిచినది. ముఖం కూడా వాచినప్పుడు భయం వేసి మూత్ర పరీక్షకు పంపాను. మాంసకృత్తులు విపరీతంగా పోతున్నవి. రక్తపోటు కొలిస్తే అప్పటికే చాలా ఎక్కువగా ఉన్నది. ఆసుపత్రిలో చేర్చారు. వ్యాధి మూత్రపిండాలకు పాకినదని చెప్పారు. ఆరవ నెలలో బిడ్డ దక్కలేదు. తల్లిని ఎలాగో కాపాడారు.

ఆ కుటుంబం నన్ను ఒక్క మాట అనలేదు. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి వీధిలో ఆ అమ్మాయి ఒకటి రెండుసార్లు ఎదురుపడి నమస్కరించినది. మళ్లీ నా వైద్యశాల మెట్లు ఎక్కలేదు. పునర్నవ తప్పు మందు కాదు. మూత్రం పరీక్షించకుండా, రక్తపోటు చూడకుండా ఇవ్వడం తప్పు. అంతకు ముందే, ఆ మాత్రల గురించి మాట్లాడకపోవడం ఇంకా పెద్ద తప్పు.

ఆ తరువాత నేను తెలుసుకున్నవి, తెలుసుకొనవలసి వచ్చినవి ఇప్పుడు చెబుతాను.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మందుల కుటుంబంలో పుట్టినదన్న మాట నిజమే. మలేరియా రహస్యం బయటపడినదీ మన ఊరిలోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన భవనం బేగంపేటలో నేటికీ ఉన్నది. కానీ ఈ మందు 1950ల నుండి ల్యూపస్‌లోనూ, కీళ్లవాతంలోనూ దారి తప్పిన రక్షణశక్తిని మెల్లగా సర్దుబాటు చేయడానికి వాడబడుతున్నది. 2020లో కరోనాకు మందని పుకారు పుట్టి జనం ఎగబడి కొన్నప్పుడు, దానిపై ఆధారపడిన ల్యూపస్ రోగులు అట్ట దొరకక దుకాణాల చుట్టూ తిరిగిన సంగతి పాఠకులలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చును. గర్భిణులలో దశాబ్దాలుగా వాడి చూసిన అనుభవం ఈ మందుకు ఉన్నది. బిడ్డకు దీనివలన హాని కనిపించలేదు. మానివేసినవారిలోనే వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ. అందుచేతనే అమెరికాలోని కీళ్లవాత నిపుణుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలలో, ల్యూపస్ ఉన్న గర్భిణులందరూ, వాడకూడని కారణం ప్రత్యేకంగా ఉంటే తప్ప, ఈ మందు వాడవలెనని చెప్పినది. ఇంకొక విషయం. ఈ మందు శరీరం నుండి చాలా నెమ్మదిగా, వారాలు నెలల తరబడి పోతుంది. కనుక మానిన మరునాడు ఏమీ కాదు. "చూశారా, మానినా బాగానే ఉన్నది" అని ఇంట్లోవారు సంతోషిస్తారు. దెబ్బ ఐదవ నెలలోనో ఆరవ నెలలోనో తగులుతుంది. అప్పటికి మాత్ర మానిన సంగతే అందరూ మరచిపోయి ఉంటారు.

అయితే ఉన్న మందులన్నీ కళ్లు మూసుకొని కొనసాగించమని నా అభిప్రాయం కాదు. నిజంగా మానవలసినవి కొన్ని ఉన్నవి. అవి నెల తప్పిన తరువాత కాదు, తప్పక ముందే మానవలెను. మెథోట్రెక్సేట్, మైకోఫినొలేట్, లెఫ్లునొమైడ్, సైక్లోఫాస్ఫమైడ్ అనేవి అటువంటివి. ఇవి గర్భస్రావానికి, శిశువు అంగవైకల్యానికి కారణం కాగలవు. మెథోట్రెక్సేట్‌ను ఒకటి నుండి మూడు నెలల ముందు, మైకోఫినొలేట్‌ను కనీసం ఆరు వారాల ముందు ఆపి, వాటి స్థానంలో గర్భానికి హాని చేయని అజాథయాప్రిన్ వంటిది ఇచ్చి, వ్యాధి నిలకడగా ఉన్నదో లేదో చూస్తారు. లెఫ్లునొమైడ్ అయితే శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది కనుక దానిని బయటకు పంపడానికి వేరే మందు ఇవ్వవలసి ఉంటుంది. రక్తపోటు మాత్రలలో కూడా గర్భిణికి పనికిరానివి ఉన్నవి. ఏది ఉంచవలెనో ఏది తీయవలెనో నిర్ణయించవలసినది ఆ వ్యాధి నిపుణులే. పంజాగుట్టలోని నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉన్నది. అత్తగారికీ, పొరుగింటి పిన్నిగారికీ, నాకూ ఆ నిర్ణయం చేసే అధికారం లేదు.

మెథోట్రెక్సేట్ మాట వచ్చినది కనుక ఒక తెలుగువాని సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లక ముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఆ విధంగా ఆయన మావాడు కూడా. ఆ తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ యాసిడ్ కృత్రిమంగా తయారైనది. దాని వెనుక ఉన్న కథకు మూలం మన దేశపు గర్భిణులే. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే వైద్యురాలు అక్కడి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని కనిపెట్టినది. అందులోని సారమే ఫోలిక్ యాసిడ్ అని తరువాత తేలినది. ఆ ఫోలిక్ యాసిడ్‌కు విరోధులుగా పనిచేసే పదార్థాలు కూడా సుబ్బారావుగారి బృందమే తయారుచేసినది. వాటిలో ఒకటే మెథోట్రెక్సేట్. గర్భం తలపెట్టిన స్త్రీ మొదట ప్రారంభించవలసిన మాత్రా, మొదట మానవలసిన మాత్రా ఒకే తెలుగువాని ప్రయోగశాల నుండి వచ్చినవి. ఒకటి బిడ్డ కణాలు పెరగడానికి కావలసినది, రెండవది ఆ పెరుగుదలనే అడ్డగించేది. ఇంగ్లీషు మందు అన్న ఒక్క పేరుతో అన్నింటినీ ఒకే గాటన కట్టడం ఎంత పొరపాటో దీనివలన తెలుస్తుంది.

నిపుణులు చెప్పే మరొక ముఖ్యమైన నియమం ఆరు నెలల నిరీక్షణ. వ్యాధి పూర్తిగా అణగి, మూత్రంలో మాంసకృత్తులు పోకుండా, రక్తపోటు అదుపులో ఉండి, కనీసం ఆరు నెలలు గడిచిన తరువాత గర్భం ధరించినవారిలో తొంభై పాళ్లు సుఖప్రసవాలే అనుకోకపోయినా, చాలామంది ఆరోగ్యంగా బిడ్డను ఎత్తుకొని ఇంటికి వస్తున్నారు. వ్యాధి ప్రకోపించి ఉన్నప్పుడు ధరించినవారి సంగతి వేరు. ఇది మన శాస్త్రానికి కొత్త మాట కాదు. ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కుదిరినప్పుడే గర్భం నిలుస్తుందని సుశ్రుతుడు పంట పోలిక చెప్పాడు. క్షేత్రం నిప్పులు కక్కుతున్నప్పుడు విత్తు వేసి, ఎరువు కోసం వైద్యుని వద్దకు పరుగెత్తడం ఏ రైతూ చేయడు.

ఇక్కడ మన మధ్యతరగతి ఇళ్లలోని అసలు చిక్కు వస్తుంది. పెళ్లిచూపులనాడు అమ్మాయికి ల్యూపస్ ఉన్నదని చెప్పరు. చెబితే సంబంధం తప్పిపోతుందని భయం. పెళ్లయిన తరువాత ఆ పిల్ల మాత్రలను బియ్యం డబ్బాలోనో, పుస్తకాల బీరువాలోనో దాచుకొని మింగుతుంది. ఏడాది తిరగక ముందే "విశేషం ఏమైనా ఉందా?" అన్న ప్రశ్నలు మొదలవుతాయి. ఆరు నెలలు ఆగవలెనని ఆమె ఎవరికి చెబుతుంది? చెప్పలేదు కనుక ఆగదు. నెల తప్పిన తరువాత అత్తగారి కళ్లముందు మాత్ర వేసుకోవడం ఇంకా కష్టం కనుక మానివేస్తుంది. నారాయణగూడ నుండి వచ్చిన ఒక అమ్మాయి తన మాత్రలను మా వైద్యశాలలో ఉంచుకొని, రోజూ కాలేజీకి పోయే దారిలో వచ్చి వేసుకోవచ్చునా అని అడిగినది. ఉద్యోగం చేస్తున్న పిల్ల, ఎం.ఏ. చదివినది. నేను ఆమె భర్తను పిలిపించి మాట్లాడాను. అతనికి తెలుసును, తల్లికే తెలియదు. తల్లికి చెప్పిననాడు ఆమె కొంత ఏడ్చి, "ముందే చెబితే నేనే గుర్తుచేసి వేయించేదాన్ని కదరా!" అన్నారట. అందరు అత్తగార్లూ అలాగే అంటారని నేను హామీ ఇవ్వలేను. కానీ పెళ్లికి ముందు దాచిన రోగం కడుపుతో ఉన్నప్పుడు దాచడానికి వీలుకాదని తల్లిదండ్రులు తెలుసుకోవడం అవసరం.

గర్భం నిలిచిన తరువాత రక్త పరీక్షలు ఎక్కువ చేయిస్తున్నారని కొందరు విసుగుకుంటారు. వాటికి కారణాలు ఉన్నవి. ఈ వ్యాధులున్న కొందరిలో యాంటీ రో అనే ప్రతిదేహాలు ఉంటాయి. అవి మాయ ద్వారా శిశువును చేరి, నూటికి ఇద్దరి విషయంలో గుండె కొట్టుకునే లయను దెబ్బతీయగలవు. అందుకే పదహారవ వారం నుండి ఇరవై ఆరవ వారం వరకు శిశువు గుండెను స్కానింగ్‌లో చూస్తుంటారు. మరికొందరి రక్తంలో గడ్డకట్టే గుణం ఎక్కువ. మాయలోని సన్నని నాళాలు మూసుకుపోయి మళ్లీ మళ్లీ గర్భస్రావాలు జరుగుతాయి. లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ 1983లో ఈ లక్షణ సముదాయాన్ని గుర్తించే వరకు ఇటువంటి స్త్రీలకు ఏ దోషమో ఉన్నదని శాంతులు, మొక్కులు మాత్రమే మిగిలేవి. ఇప్పుడు కొద్ది మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ సూదిమందుతో వారిలో చాలామంది తల్లులవుతున్నారు. మూడుసార్లు గర్భం పోయిన ఇంటిలో జాతకం చూపించేవారు ఈ రక్తపరీక్ష కూడా చేయించవలెనని నా మనవి.

సరే, మరి ఆయుర్వేదానికి ఇందులో పని లేదా అని పాఠకులు అడుగుతారు. చాలా ఉన్నది. అయితే అది ఆ మాత్రల స్థానంలో కాదు, వాటి పక్కన.

గర్భిణిని అంచుల దాకా నూనె నింపిన పాత్రను మోసినంత జాగ్రత్తగా చూసుకొనవలెనని చరకుని భావం. శారీర స్థానంలోని ఎనిమిదవ అధ్యాయంలో నెలనెలా ఏమి తినవలెనో చెప్పాడు. మొదటి నెలలో పాలు, నాలుగవ నెలలో పాలతో వెన్న, ఐదవ నెలలో నేయి, ఎనిమిదవ నెలలో పాలతో వండిన జావలో నేయి, ఇలా సాగుతుంది ఆ క్రమం. పాలు, నేయి ప్రధానమైన ఈ ఆహారం ప్రెడ్నిసొలోన్ వాడే గర్భిణికి మరింత అవసరం. ఆ మందు ఎముకలలోని సున్నాన్ని తీస్తుంది. రోజుకు రెండు మూడు గ్లాసుల పాలు, ఒక పూట రాగిజావ, కందిపప్పు, ఆకుకూర తప్పక ఉండవలెను. బరువు పెరుగుతున్నదనుకుంటే నేయి తగ్గించండి, పాలు తగ్గించకండి. అదే మందు చక్కెరను, రక్తపోటును పెంచుతుంది కనుక మిఠాయిలు, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు దూరంగా ఉంచవలెను. వేవిళ్లలో మాత్ర కడుపులో నిలవకపోతే వరిపేలాలు నానబెట్టిన నీటిని కొద్దికొద్దిగా తాగించి, అన్నం తిన్న తరువాత మాత్ర వేయించండి. మలబద్ధకానికి ఎనిమిది పది ఎండుద్రాక్షలు రాత్రి నానబెట్టి ఉదయం తింటే చాలును. కీళ్లనొప్పులకు గోరువెచ్చని నువ్వులనూనె పైపైన రాసి వేడినీటి కాపడం పెట్టవచ్చును, పొత్తికడుపు మీద మాత్రం వద్దు.

ల్యూపస్ ఉన్నవారికి ఎండ శత్రువు. వేసవిలో మిద్దె మీద వడియాలు పెట్టి, కాకులు రాకుండా కోడలిని కాపలా కూర్చోబెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉన్నది. ఆ పని ఇంకెవరికైనా అప్పగించండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా కూరలకు పోయినా గొడుగు, నిండు చేతుల రవిక ఉండవలెను.

ఇక మా వైద్యులలో కొందరికి కోపం వచ్చినా చెప్పక తప్పని మాట. మా మందులలో కూడా గర్భిణికి, అందునా ఈ వ్యాధులున్న గర్భిణికి తగనివి ఉన్నవి. ఆమవాతానికి ప్రసిద్ధమైన సింహనాద గుగ్గులులో ఆముదం ఉన్నది. విరేచనకారి. గర్భిణికి వమన విరేచనాలు కూడవని చరకుడే నిషేధించాడు. మహాయోగరాజ గుగ్గులులో నాగభస్మం, అంటే సీసం చేరుతుంది. పాదరసం గల రసౌషధాలు గర్భిణికి నేను ఇవ్వను. అతిమధురం ఎంతో సాత్వికమైన మూలిక, మొదటి నెల గర్భరక్షణకు సుశ్రుతుడు చెప్పిన ద్రవ్యాలలో ఒకటి. కానీ అది ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, స్టెరాయిడ్‌తో కలిస్తే శరీరంలోని పొటాషియం తగ్గుతుంది. మూత్రపిండాలకు వ్యాధి సోకిన గర్భిణికి నేను దానిని ఇవ్వడం మానివేశాను. సుశ్రుతుని కాలంలో ప్రెడ్నిసొలోన్ వాడే గర్భిణి లేదు.

తిప్పతీగ సంగతి మరీ చిత్రం. కరోనా కాలంలో మా వీధిలో ఏ ప్రహరీ గోడ మీదా తిప్పతీగ మిగలలేదు. అందరూ కషాయం కాచి తాగారు. 2021లో బొంబాయి వైద్యులు కొందరు, తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ఒక వ్యాసం ప్రకటించారు. ఆటోఇమ్యూన్ స్వభావం లోపల దాగి ఉన్నవారిలో అది బయటపడినదని వారి అనుమానం. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని ఖండించినది, మూలికను సరిగా గుర్తించలేదన్నది. ఆ వివాదంలో నేను ఇటూ అటూ తీర్పు చెప్పను. వాతరక్తంలో తిప్పతీగను నేనే ఎంతోమందికి ఇచ్చాను, మేలు చూశాను. కానీ రక్షణశక్తి ఇప్పటికే గాడి తప్పి రెచ్చిపోతున్న గర్భిణికి "రోగనిరోధక శక్తి పెంచును" అని డబ్బా మీద వ్రాసిన చూర్ణం కొని పెట్టడంలో అర్థమేమిటి? ఆమెకు కావలసినది శక్తి పెరగడం కాదు, శాంతించడం. పేరూ ఊరూ లేని పొట్లాల మందులు అసలే వద్దు, వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మే మోసగాళ్లు ఉన్నారు.

థైరాయిడ్ లోపానికి మాత్ర వాడేవారి గురించి రెండు మాటలు. గర్భంలో ఆ మాత్ర మోతాదు తగ్గదు, చాలామందికి పెంచవలసి వస్తుంది. శిశువు మెదడు ఎదుగుదల మొదటి నెలలలో తల్లి థైరాయిడ్ మీదనే ఆధారపడి ఉంటుంది. ఇనుము, కాల్షియం మాత్రలను దానికి నాలుగు గంటల ఎడంగా వేసుకొనవలెను.

మన ఆచారాలలో ఒక్కటి మాత్రం ఈ గర్భిణుల విషయంలో మార్చుకొనవలెనని గట్టిగా చెబుతాను. ఏడవ నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకుపోవడం. రక్తపోటు, మూత్రపిండాల చిక్కులు తలెత్తే సమయం సరిగ్గా అదే. ఇన్నాళ్లూ చూసిన వైద్యులను హైదరాబాదులో వదలి, ఏ అమలాపురానికో నల్లగొండకో పంపితే, అక్కడి వైద్యులకు ఈమె చరిత్ర తెలియదు. అమ్మే ఇక్కడికి వచ్చి ఉండవచ్చును కదా. తప్పక పంపవలసి వస్తే పరీక్షల కాగితాలన్నీ వెంట పంపి, వారం వారం రక్తపోటు, మూత్రం చూపించవలెను. తలపోటు, కళ్లు మసకబారడం, ముఖం వాపు, పొట్ట పైభాగంలో నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా చిట్కాల కోసం పుస్తకం తిరగేయకండి. ఈ పత్రిక కూడా తిరగేయకండి. ముషీరాబాద్ పాత జైలు స్థలానికి 2003లో తరలివచ్చిన గాంధీ ఆసుపత్రి మనకు ఆటో దూరంలోనే ఉన్నది.

ప్రసవం కాగానే గండం గడిచినదని మందులు ఆపేసేవారు మరికొందరు. కీళ్లవాతం చాలామందిలో గర్భంతో ఉన్నన్నాళ్లు తనంత తానే తగ్గుతుంది. అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు 1930లలో దీనిని గమనించి, గర్భిణి శరీరంలో తయారయ్యే ఏ పదార్థం ఈ ఉపశమనం ఇస్తున్నదా అని వెదుకుతూ పోయి 1948లో కార్టిజోన్ వాడకానికి చేరాడు. అందుకు 1950లో నోబెల్ బహుమతి వచ్చినది. అయితే పురుడు అయిన కొద్ది నెలలలోనే ఆ నొప్పులు రెట్టింపుగా తిరిగి రావచ్చును. పసిబిడ్డను ఎత్తుకోలేని తల్లి దుఃఖం చూసినవారికే తెలుస్తుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్, తగిన మోతాదులో ప్రెడ్నిసొలోన్ వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చును. బాలింతకు మంచినీళ్లు తక్కువ ఇవ్వవలెనన్న పాతకాలపు పథ్యం ఎవరికీ మంచిది కాదు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ప్రమాదం. వారు ఎంత నీరు తాగవలెనో వైద్యులనే అడగండి.

మొన్న వేసవిలో నారాయణగూడ నుండి ఒక పెద్దావిడ అయిదు వారాల బాలింత కోడలిని వెంటబెట్టుకొని వచ్చారు. ల్యూపస్ ఉన్న పిల్ల. గర్భిణిగా ఉన్నన్నాళ్లూ నిమ్స్‌లోనూ చూపించుకొని, ఆహార నియమాలకు నా వద్దకూ వచ్చినది. శొంఠి, పిప్పళ్లు, బెల్లం వేసి ఇంట్లో కాయం చేశారట, పెట్టవచ్చునా అని అడగడానికి వచ్చారు. ముందు మాత్రల అట్ట చూపించమన్నాను. కోడలి కంటే ముందు అత్తగారే తన సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. పదిహేనింటిలో తొమ్మిది గూళ్లు ఖాళీగా ఉన్నవి, తేదీలతో సరిపోయినవి. చక్కెర పరీక్ష చూసి, కాయం ఉసిరికాయంత మాత్రం ఉదయంపూట పెట్టండని చెప్పి పంపాను.